గాలి ఎక్కించిన ఇంజనులో ఇంధనపు ఒత్తిడి

ట్రాక్టరు కొని రెండు మూడు సంవత్సరములు గడచిన పిమ్మట చాలామంది రైతుల చెవిని ఒక సలహా పడును. "పంపు మీది స్క్రూ కొంచెము తిప్పించండి, బండి బలము చూచుకొందురుగాని" అని. దమ్ములో చక్రములు కూరుకొనిపోవుచున్నప్పుడును, చెరకు లోడుతో గట్టు ఎక్కవలసి వచ్చినప్పుడును ఈ మాట వినుటకు ఇంపుగానే ఉండును. స్క్రూ తిప్పినచో బలము పెరుగుననుట అబద్ధము కాదు. కాని ఆ బలము ఎక్కడి నుండి వచ్చుచున్నదో తెలియక ఆ పని చేయించినవారు పిస్టన్లు, టర్బో మార్పించుకొనుటకు దుకాణము చుట్టు తిరుగవలసి వచ్చును.

ఇప్పుడు 50 గుర్రపు శక్తికి పైబడిన ట్రాక్టర్లలో చాలావాటికిని, వరికోత యంత్రములకును టర్బో ఉండుచున్నది. అనగా ఇంజను తనంత తాను పీల్చుకొను గాలి చాలక, దానికి గాలిని ఒత్తి ఎక్కించుచున్నాము. గాలి ఎక్కించినప్పుడు ఇంధనము సంగతి ఏమి చేయవలెనను ప్రశ్న మొదట ట్రాక్టర్లలో పుట్టలేదు, స్పోర్ట్సు కార్లలో పుట్టినది. ఆ కార్లవారు నూరేండ్లుగా ఈ ప్రశ్నతో కుస్తీపట్టి కొన్ని సంగతులు తెలిసికొనిరి. అవి తెలిసికొన్నచో మన ట్రాక్టరు విషయములో ఏది చేయదగునో, ఏది చేయరాదో తేలికగా బోధపడును. ముందుగా ఒక హెచ్చరిక చేయవలెను. పెట్రోలు ఇంజనులో ఏది ప్రాణము కాపాడునో డీజిలు ఇంజనులో అదే ప్రాణము తీయును. ఈ భేదము చెప్పుటకే ఈ వ్యాసము.

గాలి లెక్క

ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 కిలోల గాలి కావలెను. డీజిలునకు సుమారు 14.5 కిలోలు. ఒక లీటరు డీజిలు 830 గ్రాముల చొప్పున తూగును గనుక, దానికి 12 కిలోల గాలి, అనగా సుమారు 10 ఘనపు మీటర్లు కావలెను. డీజిలు ఇంజనులో ఇంధనము చివరి క్షణమున సిలిండరులోనికి చిమ్మబడుటచేత గాలితో బాగుగా కలియుటకు వ్యవధి చాలదు. కావున పొగ రాకుండ మండవలెనన్న లెక్కకు సగము పాళ్ళు అదనముగా గాలి ఉండవలెను. అప్పుడు లీటరునకు 15 ఘనపు మీటర్లగును. ఎనిమిదడుగుల పొడవు, అంతే వెడల్పు, అంతే ఎత్తు గల గదిలోని గాలి ఇంచుమించు అంత ఉండును. గంటకు ఆరు లీటర్లు త్రాగు ట్రాక్టరు గంటలో అట్టి ఆరు గదుల గాలిని మింగుచున్నదన్నమాట.

ఇంజను బలమునకు హద్దు గాలి వద్దనే ఏర్పడుచున్నది. చెంచాడు నూనెను లోపలికి నెట్టుట సులభము, గదెడు గాలిని నెట్టుట కష్టము. అందుకే పూర్వము నుండి ఇంజనీర్లు గాలిని ఒత్తి పంపు ఉపాయములు వెదకిరి. అమెరికాలో రూట్స్ సోదరులు 1860లో గాలిని నెట్టు యంత్రమునకు పేటెంటు పొందిరి. అది మొదట కొలుములకును, కర్మాగారములకును ఉపయోగపడినది. జర్మనీలో డెయిమ్లరు 1900లో దానిని కారు ఇంజనునకు తగిలించు ఉపాయము కనిపెట్టెను. ఇంజను తోనే త్రిప్పబడు ఈ గాలిపంపును సూపర్‌చార్జరు అందురు. పొగగొట్టము గుండా వృథాగా పోవు వేడిగాలి చేతనే తిరుగు పంపు టర్బో. దీనికి స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషీ 1905లో పేటెంటు పొందెను. మన ట్రాక్టర్లలో ఉన్నది ఈ రెండవ రకము.

సూపర్‌చార్జరు కార్లలో ఇంధనపు చిక్కు మొదటి నుండియు కలదు. మెర్సిడెస్ కంపెనీ 1921లో అమ్మకానికి చూపిన కార్లలో గాలిపంపు కార్బురేటరు గుండా గాలిని ఊదెడిది. ఊదిన గాలి కార్బురేటరులోని పెట్రోలును వెనుకకు నెట్టకుండవలెనన్న, పెట్రోలు మీదను అంత ఒత్తిడియే ఉంచవలసి వచ్చెను. ఇంగ్లండులో 1929లో వచ్చిన బ్లోయరు బెంట్లీ కారులో కార్బురేటర్లను గాలిపంపునకు ముందే అమర్చిరి గనుక ఈ చిక్కు తప్పినది. ఆ కారు పేరుపొందిన దేగాని దానిని ఆ కంపెనీ స్థాపకుడైన బెంట్లీయే ఇష్టపడలేదు. గాలి ఎక్కించుట కంటె ఇంజనును పెద్దదిగా చేయుట మేలని ఆయన అభిప్రాయము. 1930లో ల మాన్స్ పందెమున గాలి ఎక్కించిన బెంట్లీలు మధ్యలోనే ఆగిపోగా, గాలి ఎక్కించని పెద్ద బెంట్లీయే గెలిచినది.

డ్రిప్పు గొట్టము చెప్పు పాఠము

ఇప్పటి పెట్రోలు కార్లలో కార్బురేటరు లేదు. దాని బదులు ప్రతి సిలిండరు వద్దను ఒక ఇంజెక్టరు ఉండును. అది విద్యుత్తుచే తెరచుకొని మూసుకొను ఒక చిన్న కవాటము. దాని వెనుక పెట్రోలు సుమారు 3 కిలోల ఒత్తిడిలో నిలిచి ఉండును. ఎంతసేపు తెరచి ఉన్నదో అంత పెట్రోలు పడును. నిమిషమునకు 6000 చుట్లు తిరుగుచున్న ఇంజనులో రెండు చుట్లకు పట్టు కాలము సెకనులో 50వ వంతు మాత్రమే. ఇంజెక్టరు ఆ కాలములోనే తన పని ముగించుకొనవలెను. అంతకు మించి తెరచి ఉండుటకు వ్యవధి లేదు. కావున వేగముగా పోవునప్పుడు ఎక్కువ పెట్రోలు కావలెనన్న వెనుకనున్న ఒత్తిడి పెంచుటయే కొందరికి సులువైన దారిగా తోచినది.

ఇచ్చట చాలామంది పొరపడుదురు. ఒత్తిడి రెట్టింపు చేసినచో ఇంధనము రెట్టింపగునని తలంతురు. బిందుసేద్యము చేయు రైతునకు ఈ సంగతి తెలిసే ఉండును. ఒక కిలో ఒత్తిడిలో గంటకు 4 లీటర్లు ఇచ్చు మామూలు డ్రిప్పరు రెండు కిలోల ఒత్తిడిలో 8 లీటర్లు ఈయదు. ఐదున్నర లీటర్ల చిల్లర మాత్రమే ఇచ్చును. 8 లీటర్లు రావలెనన్న నాలుగు కిలోల ఒత్తిడి కావలెను. నీరైనను, పెట్రోలైనను సన్నని రంధ్రము గుండా పోవు ద్రవమునకు ధర్మమొక్కటే. ప్రవాహమును రెట్టింపు చేయవలెనన్న ఒత్తిడి నాలుగు రెట్లు చేయవలెను.

రెండవ పొరపాటు ఇంకను సూక్ష్మమైనది. ఇంజెక్టరు వెనుక 3 కిలోలున్నవి, ముందు ఏమున్నది? గాలి ఎక్కించని ఇంజనులో ముందున్నది బయటి గాలి లేక దానికంటె పలుచని గాలి. సూపర్‌చార్జరు అర కిలో ఒత్తిడితో గాలిని నెట్టుచున్నచో ఆ అర కిలో పెట్రోలునకు ఎదురు నిలుచును. అప్పుడు పెట్రోలును నెట్టునది రెండున్నర కిలోలే. అనగా గాలి సగము పాళ్ళు పెరిగిన సమయముననే పెట్రోలు పదింట ఒక వంతు వరకు తగ్గుచున్నది. ఇందువలననే పెట్రోలు ఒత్తిడిని సరిదిద్దు రెగ్యులేటరునకు ఒక సన్నని గొట్టము ద్వారా గాలి ఒత్తిడిని తెలియజేయుదురు. గాలి అర కిలో పెరిగినచో పెట్రోలును అర కిలో పెంచి ఎప్పటి వలె 3 కిలోల తేడా నిలుపుట దాని పని.

అంతటితో నష్టము పూడినదే గాని లాభము రాలేదు. గాలి ఒకటిన్నర రెట్లైనప్పుడు పెట్రోలును ఒకటిన్నర రెట్లు కావలెను గదా. ఇంజెక్టరు తెరచియుండు కాలము పెంచకుండ, ఒత్తిడితోనే ఈ పని చేయవలెనన్న తేడా 3 కిలోల నుండి 6 కిలోల ముప్పాతికకు పెరుగవలెను. ఎదురు నిలుచు అర కిలోను కలిపినచో మొత్తము 7 కిలోల పాతిక. గాలి అర కిలో పెరిగినందుకు పెట్రోలు నాలుగు కిలోల పాతిక పెరుగవలెనన్నమాట. 1989లో వచ్చిన మాజ్డా మియాటా వంటి చిన్న కార్లకు 1990లలో ఔత్సాహికులు సూపర్‌చార్జర్లు తగిలించునప్పుడు ఇట్టి రెగ్యులేటర్లనే వాడుచుండిరి. గాలి ఒక పౌను పెరిగినచో అవి పెట్రోలును అనేక పౌన్లు పెంచును.

కాగితము మీద లెక్క సరిపోయినది. మరి పంపు సంగతి? 3 కిలోలనగా 30 మీటర్ల ఎత్తునకు నీరు తోడుటతో సమానము, 7 కిలోలనగా 70 మీటర్లు. 30 మీటర్ల బావికి బిగించిన మోటారును 70 మీటర్ల బోరులో దించినచో ఎన్ని నీళ్ళు వచ్చునో రైతునకు వేరుగ చెప్పనక్కరలేదు. ఎత్తు పెరిగినకొలది పోత తగ్గును. మరియు వైరు సన్ననిదై ఓల్టేజి పడిపోయినచో ఇంకను తగ్గును. ఎక్కువ పెట్రోలు కావలసిన క్షణముననే పంపు తక్కువ పోయుచున్నది. అప్పుడు సిలిండరులో గాలి ఎక్కువై పెట్రోలు చాలక, మిశ్రమము తనంత తాను భగ్గున ప్రేలి పిస్టనును సుత్తితో కొట్టినట్లు కొట్టును. పిస్టను అంచు విరుగును, ఒక్కొక్కప్పుడు నడిమికి చిల్లి పడును. ఇందుకు కొన్ని క్షణములు చాలును.

బండి నిలిపి ఇంజను మెల్లగా తిరుగుచున్నప్పుడు ఒత్తిడి గేజి చూచి తృప్తిపడినవారే ఇట్లు మోసపోయిరి. నిలిచియున్న ఇంజనునకు చెంచాడు పెట్రోలు చాలును. ఎంత నీరసపు పంపైనను ఆ మాత్రము ఒత్తిడి చూపును. పూర్తి బరువు మీద, పూర్తి వేగములో గేజి ఎంత చూపుచున్నదో అదియే నిజమైన ఒత్తిడి. ఇప్పుడు జాగ్రత్తగా పనిచేయువారు ఒత్తిడిని విపరీతముగా పెంచుట మాని, పెద్ద ఇంజెక్టర్లు, పెద్ద పంపు వేసి, తెరచియుండు కాలమును కంప్యూటరుతో సరిచేయుచున్నారు. సన్న డ్రిప్పరు మీద ఒత్తిడి పెంచుట కంటె పెద్ద డ్రిప్పరు వేయుట మేలుకదా.

డీజిలులో కథ తలక్రిందులు

పెట్రోలు ఇంజను ఇంధనము తక్కువై చెడును. డీజిలు ఇంజను ఇంధనము ఎక్కువై చెడును. మొదటిదానిని బాగుచేసిన చేతితో రెండవదాని స్క్రూ తిప్పుట ఎందుకు ప్రమాదమో ఇందువలన తెలియును.

డీజిలు ఇంజను ప్రతిసారియు సిలిండరు నిండుగా గాలి పీల్చును. బలము హెచ్చుతగ్గులు చేయునది ఇంధనము ఒక్కటే. తేలికపనిలో గాలి ఎంతో మిగిలిపోవును. నాగలి లోతుగా దిగినకొలది పంపు ఎక్కువ డీజిలు పంపి, మిగులు గాలిని వాడుకొనును. కంపెనీవారు ఇంజనును పరీక్షించి, ఇంతకుమించి డీజిలు పంపినచో గాలి చాలదను హద్దు వద్ద ఒక స్క్రూ బిగించి సీలు వేయుదురు. మెకానిక్కు తిప్పునది ఆ స్క్రూనే. హద్దు దాటిన డీజిలు కొంత మండి బలమిచ్చును, కొంత మసియై నల్లని పొగగా పోవును, కొంత ఆలస్యముగా మండి పిస్టనును, వాల్వులను, టర్బోను కాల్చును. పిస్టను అల్యూమినియపు మిశ్రలోహము. అల్యూమినియము 660 డిగ్రీల వద్ద కరగును. అంతకంటె ఎంతో ఎక్కువ వేడి గల మంటలో పిస్టను నిలుచుచున్నదన్న, పైబడిన వేడిని రింగులును, ఇంజనాయిలును ఎప్పటికప్పుడు లాగివేయుచుండుటచేతనే. వేడి ఆ లాగుడును మించినచో పిస్టను మెత్తబడి సిలిండరును పట్టివేయును. కాలని డీజిలు సిలిండరు గోడల వెంట జారి ఇంజనాయిలును పలుచన చేయును.

ఎండకాలమున ఈ హద్దు ఇంకను దగ్గరకు వచ్చును. 15 డిగ్రీల గాలితో పోల్చినచో 45 డిగ్రీల గాలి పదింట ఒక వంతు పలుచన. చలికాలమున పొగ లేకుండ నడచిన ఇంజను మే నెల మధ్యాహ్నమున అదే పనిలో కొంచెము నల్లబడుట ఇందుచేతనే. టర్బో గాలిని ఒత్తునప్పుడు గాలి వేడెక్కును గనుక అనుకొన్నంత గాలి లోపలికి పోదు. కొన్ని యంత్రములలో రేడియేటరు వద్ద గాలిని చల్లార్చు ఇంటర్‌కూలరు పెట్టునది ఇందులకే. దాని రెక్కల మధ్య పొట్టు, ధూళి పేరుకొన్నచో ప్రయోజనము పోవును.

ఒత్తిడి మాటకు వచ్చినచో, పాతరకపు డీజిలు పంపులో ఎంత ఇంధనము పోవలెనో నిర్ణయించునది ఒత్తిడి కాదు. పంపులోని ప్లంజరు ప్రతి దెబ్బకును కొలిచి పంపును. నాజిలు తెరచుకొను ఒత్తిడి చాల ట్రాక్టర్లలో 200 కిలోలకు అటునిటుగా ఉండును. అది డీజిలును సన్నని తుంపరగా చిమ్ముటకే గాని ఎక్కువ పోయుటకు కాదు. నాజిలు స్ప్రింగు బిగించి ఒత్తిడి పెంచినంత మాత్రమున బలము పెరుగదు. స్ప్రింగు నీరసించి ఒత్తిడి తగ్గినచో మాత్రము తుంపర బదులు చుక్కలు రాలి పొగ వచ్చును.

టర్బో ఇంజన్లలో కొన్నిటి పంపు మీద ఒక చిన్న డబ్బా వంటి అమరిక ఉండి, గాలి గొట్టము నుండి దానికి సన్నని గొట్టము వచ్చియుండును. పెట్రోలు కారు రెగ్యులేటరునకు వచ్చు సన్నని గొట్టమునకు ఇది అన్నదమ్ముల వంటిది. గాలి ఒత్తిడి వచ్చువరకు డీజిలును ఆపి, గాలి వచ్చిన పిమ్మటనే వదలుట దీని పని. ఈ సన్నని గొట్టము పగిలినను, ఊడినను ఇంజను బరువు లాగదు. టర్బో నుండి ఇంజనునకు పోవు లావు రబ్బరు గొట్టము క్లిప్పు వదులైనను బరువు లాగదు. బుస్సుమని శబ్దము, నల్లపొగ కూడ ఉండవచ్చును. ఈ స్థితిలో డీజిలు చాలలేదని తలచి స్క్రూ తిప్పించుట అన్నిటికంటె పెద్ద తప్పు. పది రూపాయల గొట్టముతో పోవు దానికి ఇంజనును బలి పెట్టినట్లగును. బరువు పడగానే ఒక్క క్షణము నల్లపొగ వచ్చి పోయినచో భయపడనక్కరలేదు. పని జరుగుచున్నంతసేపు నల్లగా వచ్చుచున్నచో ముందు గాలి ఫిల్టరు చూడవలెను.

తక్కువ ఒత్తిడి వైపు

డీజిలు ట్యాంకు నుండి పెద్దపంపు వరకు గల దారిలో ఒత్తిడి బహు స్వల్పము, ఒకటి రెండు కిలోలు. రైతు చేతిలో ఉన్నది ఈ దారియే. స్పోర్ట్సు కారులోని పంపు వలెనే ఇదియు తేలికపనిలో బాగున్నట్లు కనబడి బరువు మీద మోసపుచ్చును. ఇంటి ముందర చక్కగా తిరిగిన ఇంజను రోటావేటరు దించగానే గుటకలు వేయుచున్నదనిన, మొదట డీజిలు ఫిల్టరును, తరువాత ట్యాంకు మూత గాలి రంధ్రమును చూడవలెను. మూత రంధ్రము మట్టితో పూడి, ట్యాంకులో గాలి చాలక డీజిలు దిగకుండుట తరచు జరుగునది. మూత వదులు చేసి నడిపి చూచినచో వెంటనే తెలియును.

ట్యాంకు నుండి ఫీడుపంపు వరకు గల గొట్టము పీల్చు గొట్టము. అందులో పగులు ఉన్నను డీజిలు బయటికి కారదు, గాలి లోనికి పోవును. బయట తడి కనబడలేదని ధైర్యపడరాదు. చేతిపంపు కొట్టుచు ఫిల్టరు మీది గాలి స్క్రూ వదులు చేసినప్పుడు బుడగలు ఎంతకును ఆగకున్నచో పీల్చు వైపున ఎక్కడనో గాలి దూరుచున్నదని తెలియవలెను. వాషర్లు మార్చి యూనియన్లు బిగించినచో చాలవరకు పోవును.

నీరు డీజిలునకు గాలికంటె గొప్ప శత్రువు. పంపు, నాజిలు లోపలి భాగములకు డీజిలే కందెన. నీటిబొట్టు పడినచోట త్రుప్పు పట్టును. పీపాలో తెచ్చిన డీజిలును ఒక దినము కదలక నిలువనిచ్చి, అడుగున నాలుగంగుళములు వదలి పైభాగమే వాడవలెను. సాయంత్రము పని ముగియగానే ట్యాంకు నింపి పెట్టినచో రాత్రి చల్లదనమునకు ట్యాంకులోని గాలిలో తేమ నీరై దిగుట తగ్గును. ఉదయము ఇంజను కదల్చుటకు ముందు ఫిల్టరు గిన్నె అడుగు స్క్రూ వదలి నీరు తీసివేయవలెను.

కొత్త ట్రాక్టర్ల సంగతి వేరు. 2023 జనవరి నుండి 50 గుర్రపు శక్తికి పైబడిన ట్రాక్టర్లకు కొత్త పొగ నిబంధనలు అమలులోనికి వచ్చుటచేత వాటిలో చాలవరకు కామన్ రెయిలు పద్ధతి వచ్చినది. ఇందులో కంప్యూటరే ఒత్తిడిని నిర్ణయించును, ఆ ఒత్తిడి వెయ్యి కిలోలను మించును. నడుచుచున్న ఇంజనులో ఈ గొట్టములను వదులు చేయరాదు. కారుచున్నదేమో యని వ్రేలు పెట్టి చూడరాదు. సూదికంటె సన్నగా చిమ్ము డీజిలు చర్మములో దూరిన గాయము పైకి చిన్నదిగా కనబడినను లోపల కండను చెడగొట్టును. అట్లు జరిగినచో నొప్పి లేకున్నను ఆ గంటలోనే ఆసుపత్రికి పోయి, ఏమి జరిగినదో వైద్యునికి స్పష్టముగా చెప్పవలెను. ఈ ట్రాక్టర్లకు ఒత్తిడి పెంచు చిన్న పెట్టెలను కొందరు తగిలించుచున్నారు. స్క్రూ పనినే అవి తీగలతో చేయుచున్నవి.

టర్బో ఇరుసు నిమిషమునకు లక్ష చుట్లకు దగ్గరగా తిరుగును. దానిని నిలుపునది సన్నని ఆయిలు పొర ఒక్కటే. ఉదయము స్టార్టు చేసిన వెంటనే ఎక్కువ వేగము ఈయక రెండు మూడు నిమిషములు మెల్లగా తిరుగనీయవలెను. బరువు పని ముగించి వచ్చి వెంటనే ఇంజను ఆపరాదు. ఆపినచో ఆయిలు నిలిచి, వేడి ఇరుసు మీద అది మాడి బొగ్గగును.

నల్లపొగ విడువక వచ్చుచున్న బండికి వరుసగా గాలి ఫిల్టరు, రబ్బరు గొట్టము క్లిప్పులు, సన్నని గొట్టము, డీజిలు ఫిల్టరు, పిమ్మట నాజిళ్ళు చూపించవలెను. ఇన్నియు బాగుండియు పొగ ఆగనప్పుడే పంపును విప్పించవలెను. అప్పుడును పొలము గట్టున కాదు, కొలిచి చూచు బెంచి గల దుకాణములో కంపెనీ ఇచ్చిన అంకెల ప్రకారము సరిచేయించి, తిరిగి సీలు వేయించుకొని రావలెను.